వెనిస్‌లో ఆవిడ ఇల్లు చూద్దామని వెళ్తే ఇల్లే కనపడలేదు

బొంకులదిబ్బ

మోడరన్ ఆర్ట్ గురించి నాకు తెలిసింది సున్నా. ముందే ఒప్పేసుకుంటున్నాను, కాబట్టి ఎవరూ వెక్కిరించొద్దు.

మా అమ్మాయి ఇటలీలో పడువాలో చదువుతోంది. మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్ళొచ్చాం. పడువా నుంచి వెనిస్ దగ్గరే, విజయనగరం నుంచి విశాఖపట్నం రైల్లో వెళ్ళినంత సేపు కూడా పట్టదు. చేతిలో ఉన్నది ఒక్క రోజు. పెద్ద చర్చి, ఆ వంతెన చూసేసి పడవెక్కి తిరిగొద్దామని నేను. అమ్మాయి పట్టుబట్టింది. "పెగ్గీ గుగ్గెన్‌హైమ్ అని ఒకావిడ ఇల్లుంది నాన్నా. బొమ్మలు కొని ఇంటి నిండా పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు అందులోనే ఉంది. నువ్వు ఇళ్ళ మనిషివి కదా, నచ్చుతుంది" అంది. ఇళ్ళ మనిషినే. ముప్ఫై రెండేళ్ళు ఈ జిల్లాలో ఇళ్ళకి ప్లాన్లు గీసి బతికాను. ఆ మాటకే పడిపోయాను.

తీరా వెళ్తే ఇల్లేదీ? తెల్లగోడలు, గోడకో బొమ్మ, మూలకో కాపలా కుర్రాడు. వంటిల్లు ఎక్కడమ్మా అంటే "మనం నిల్చున్నది అదే" అంది. పొయ్యి లేదు, తూము లేదు, పొగ పట్టిన గుర్తు లేదు. భోజనాల గదిలో మాత్రం పాత సామాను ఉంచారు. పడగ్గదిలో మంచం తీసేసి, తలాపు వైపు ఉండే వెండి చట్రం ఒక్కటి గోడకి పెట్టారు.

నలభై నిమిషాల్లో నేను తోటలోకి వచ్చి కూర్చున్నాను. మా ఆవిడ రెండున్నర గంటలకి గానీ బయటకి రాలేదు. ఒక్క బొమ్మ ముందే ఇరవై నిమిషాలు నిల్చుందట. ఏం చూశావే అంటే "చెప్తే మీకు అర్థం కాదు" అంది. ఇన్నేళ్ళ కాపరంలో ఆ మాట అనేది నేను, ఆవిడ కాదు.

వచ్చే నెలలో మా బావమరిది వాళ్ళు వెళ్తున్నారు. వెళ్ళమనాలా, వద్దనాలా? వెళ్తే ఏం చూడమనాలి?

చంపావతి

మంగళవారం సెలవు. అన్నిటికంటే ముందు అది చెప్పండి. మేం మంగళవారమే వెళ్ళి గేటు ముందు ఫోటో దిగి వచ్చాం.

గంటస్తంభం_నీడ

టికెట్ ఎంత?

బొంకులదిబ్బ

పెద్దవాళ్ళకి మనిషికి పదిహేను యూరోల పైనే. అమ్మాయికి స్టూడెంట్ రేటు. రూపాయల్లోకి మార్చొద్దని మా ఆవిడ ముందే ఒట్టు వేయించుకుంది.

గంటస్తంభం_నీడ

నేను మార్చాను. ఇంకా కూర్చునే ఉన్నాను.

రాజాం_బస్సు

ఇళ్ళ మనిషి అన్నారు, అసలు విషయం చూడలేదా మాస్టారూ? ఆ ఇంటికి ఒక్క అంతస్తే ఉంటుంది. చుట్టుపక్కల పెద్ద కాలువ పొడుగునా మూడు నాలుగంతస్తుల మేడలు, మధ్యలో ఇది పొట్టిగా, పళ్ళ వరసలో విరిగిన పన్నులా. 18వ శతాబ్దంలో మొదలెట్టి ఆపేశారు. డబ్బులు అయిపోయాయని కొందరంటారు, ఎదురుగా కాలువ అవతల ఉన్న పెద్ద కుటుంబం తమ మేడ కంటే ఎత్తు లేవకూడదని అడ్డుపడిందని ఇంకొందరంటారు.

బొంకులదిబ్బ

పొట్టిగా ఉందని చూశాను. కట్టడం ఆగిపోయిందని ఎవరూ చెప్పలేదు! పునాది, గోడమందం చూస్తే పైకి ఇంకా లేపాలనుకున్నట్టే ఉంది అని అప్పుడే అనుకున్నాను. అంటే మన వాళ్ళు పైన వేద్దాంలే అని శ్లాబు మీద పిల్లర్ ఊచలు వదిలేసినట్టే.

రాజాం_బస్సు

అదే. ఊచలకి బోర్లించిన బీరు సీసాలు లేవు, అంతే తేడా. ఎదురింటి వాళ్ళు అడ్డుపడటం కూడా మన వీధి కథే.

డ్రాయింగ్_మాస్టారు

వెక్కిరింతలు అయితే నేను కొంచెం చెప్తాను. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పాను, ఆ పీరియడ్‌ని లెక్కల మాస్టార్లకి ఇచ్చేస్తూ. ఇప్పుడు వినేవాళ్ళు దొరికారు, వదలను.

ఈ పెగ్గీ అమెరికా వాళ్ళ డబ్బున్న ఇంటి పిల్ల. 1912లో టైటానిక్ మునిగినప్పుడు పోయిన వాళ్ళలో తండ్రి ఒకడు. న్యూయార్క్‌లో సుడిమెట్లలాంటి తెల్లటి గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఉంది చూశారా, అది ఈవిడ పెదనాన్న పేరు మీద. ఈవిడది వేరే కథ. చదువుకున్న విమర్శకుడి చేత ఒక జాబితా రాయించుకుని, 1939-40లో పారిస్‌లో కూర్చుని రోజుకో బొమ్మ కొంటానని తిరిగింది. ఒక పక్క యుద్ధం. హిట్లర్ సైన్యం నార్వే మీద పడిన రోజునే ఈవిడ లెజే అనే చిత్రకారుడి స్టూడియోకి వెళ్ళి ఒక బొమ్మ బేరమాడి కొన్నది. ఆ బొమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది.

యుద్ధం దగ్గరపడ్డాక ఈ బొమ్మలు దాచిపెట్టమని లూవ్ర్ మ్యూజియాన్ని అడిగితే, ఇవి దాచేంత విలువైనవి కావన్నారు. చివరికి ఇంటి సామాను అని రాయించి, దుప్పట్లు గిన్నెలతో కలిపి ఓడలో అమెరికాకి పంపింది. యుద్ధం అయ్యాక 1949లో వెనిస్‌లో ఈ సగం కట్టిన మేడ కొని, అన్నీ అందులో పెట్టుకుంది. 1951 నుంచి వేసవిలో వారానికి మూడు మధ్యాహ్నాలు తలుపులు తీసి ఎవరైనా రావచ్చు అంది. తను లోపల ఉండగానే. 1979లో పోయేదాకా అలాగే.

కాబట్టి బొంకులదిబ్బ గారూ, మీరు చూసింది ఆవిడ ఉన్న ఇల్లు కాదు, ఆవిడ పోయాక సర్దిన ఇల్లు. మీ కోపం సరైనదే, చేరాల్సిన చోటు వేరు.

నాగావళి_ఒడ్డు

"ఇంటి సామాను" అని రాయించడం సూపర్. మా చిన్నాన్న దుబాయ్ నుంచి టీవీ అలాగే తెచ్చాడు. దొరికిపోయాడు.

కళింగపట్నం_లైటు

ఆ గుర్రం సంగతి ఎవరూ చెప్పరేం? సిగ్గా?

నేను చెప్తాను. అత్తగారిని, మామగారిని తీసుకెళ్ళాను, నా ఖర్మ. లోపల బానే ఉంది. కాలువ వైపు వాకిట్లోకి వెళ్తే ఇనప గుర్రం, దాని మీద రెండు చేతులూ బార్లా చాచి ఒక మనిషి. ఒంటి మీద గుడ్డ లేదు. అంతవరకైతే పర్లేదు, బాహుబలి గోమటేశ్వరుడూ అంతే అని మామగారే సర్దుకున్నారు. కానీ ఈ మనిషి కొంచెం... ఉత్సాహంగా ఉన్నాడు. పడవల్లో పోయే లోకానికంతటికీ కనపడేలా. మా అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని కాలువ వైపు తిరిగిపోయింది. మామగారు పది నిమిషాలు గుర్రం డెక్క మీద పరిశోధన చేశారు.

చంపావతి

😂😂 డెక్క మీద పరిశోధన

డ్రాయింగ్_మాస్టారు

అది మరీనో మరీనీ చేసిన శిల్పం, 1948 నాటిది. పేరు 'నగరపు దేవదూత'. చిన్న సవరణ, అది ఇనుము కాదు, కంచు. ఇంకా వినండి. ఆ ముఖ్యమైన భాగం విడిగా బిగించేలా చేశారు. పండగ రోజుల్లో పెద్ద మతగురువు పడవలో ఆ దారిన పోతుంటే, ఆయన దీవెన కోసం సన్యాసినులు వచ్చినప్పుడు పెగ్గీ దాన్ని ఊడదీసి సొరుగులో పెట్టేసేది. ఆవిడే తన జీవితకథలో రాసుకుంది.

కళింగపట్నం_లైటు

మేం వెళ్ళిన రోజు ఏ పండగా లేదు మాస్టారూ.

అరసవల్లి_ఎండ

ఇంత డబ్బు పెట్టి ఇటలీ పోయి ఇది చూసొచ్చారా. మన దగ్గర ముఖలింగం గుడి గోడల మీద శిల్పాలున్నాయి, ఎంతమంది వెళ్ళి చూశారు చెప్పండి ముందు.

కళింగపట్నం_లైటు

చూశాం బాబూ, చిన్నప్పుడు పిక్నిక్‌కి అక్కడికే తీసుకెళ్ళేవారు. రెండూ చూడకూడదని ఎక్కడైనా రాసుందా?

పొందూరు_పడుగు

డ్రాయింగ్ మాస్టారు "రోజుకో బొమ్మ" అని ముచ్చటగా చెప్పారు గానీ దానికి రెండో వైపు కూడా చెప్పాలి. 1940లో పారిస్‌లో ఆర్టిస్టుల పరిస్థితి ఏంటి? జర్మన్లు వచ్చేస్తున్నారు, ఊరు వదిలి పారిపోవాలి, చేతిలో డబ్బు లేదు. అలాంటప్పుడు డబ్బు సంచీతో ఒకావిడ వస్తే అడిగిన రేటుకి ఇచ్చేస్తారు. తుఫాను ముందు రోజు కొబ్బరికాయలు బేరమాడినట్టు. మాది నేతపని ఇల్లు. పండక్కి డబ్బు అవసరమైనప్పుడు షావుకారు సగం రేటుకి చీరలు అడిగేవాడు, మా నాన్న ఇచ్చేవాడు. ఆ షావుకారుని ఎవరూ కళాపోషకుడు అనలేదు.

నాగావళి_ఒడ్డు

ఇది కరెక్టు పాయింట్.

డ్రాయింగ్_మాస్టారు

పొందూరు గారూ, కాదనను. చౌకగానే కొంది, దాని గురించి ఆవిడని అప్పుడూ ఇప్పుడూ విమర్శించినవాళ్ళున్నారు. అయితే మీ షావుకారు ఆ చీరలు తెచ్చి వెంటనే రెట్టింపు రేటుకి అమ్ముకున్నాడు కదా. ఈవిడ వాటిలో చాలా వరకు దగ్గరే ఉంచుకుంది, చివరికి ఇంటితో సహా రాసిచ్చేసింది. చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్‌నీ, రచయిత ఆంద్రే బ్రెతాన్ కుటుంబాన్నీ అమెరికా చేర్చడానికి ఖర్చు పెట్టుకుంది. జాక్సన్ పొలాక్ అని, నేల మీద కాన్వాసు పరిచి రంగు చిలకరించేవాడు, అప్పటికి పేరే లేదు. 1943లో నెలకి 150 డాలర్లు ఇస్తానని ఒప్పందం రాసుకుంది. అందాకా అతను ఆవిడ పెదనాన్న మ్యూజియంలోనే చిన్న ఉద్యోగం చేసుకునేవాడు.

పొందూరు_పడుగు

ఎర్న్‌స్ట్‌ని తర్వాత పెళ్ళి కూడా చేసుకుంది కదా. అది కూడా ఖర్చు కిందే రాస్తారా 😀

సరే, పొలాక్ విషయం ఒప్పుకుంటున్నాను. నెలజీతం మీద నేసే మగ్గానికీ, బేరం మీద నేసే మగ్గానికీ చాలా తేడా ఉంటుంది. అది మాకు తెలుసు. షావుకారు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గంటస్తంభం_నీడ

150 డాలర్లు అప్పట్లో ఎంత?

రాజాం_బస్సు

నువ్వు రూపాయల్లోకి మార్చడం ఆపు అన్నా.

పాలకొండ_నుంచి_పొటోమాక్

వాషింగ్టన్ దగ్గర వర్జీనియాలో ఉంటాను. ఇల్లు కావాలి అనే బొంకులదిబ్బ గారికి ఒకటి చెప్పాలి. ఇక్కడ ఫిలిప్స్ కలెక్షన్ అని ఉంది. డంకన్ ఫిలిప్స్ అనే ఆయన తండ్రి, అన్న ఏడాది తేడాలో పోయారు. అన్న పోయింది 1918 ఇన్‌ఫ్లుయెంజాలో. వాళ్ళ జ్ఞాపకంగా 1921లో తన ఇంట్లోనే కొన్ని గదులు తెరిచి జనానికి బొమ్మలు చూపించాడు. అమెరికాలో మొదటి మోడరన్ ఆర్ట్ మ్యూజియం అదే. బొమ్మలు పెరిగిపోతే 1930లో ఇల్లు బొమ్మలకి వదిలేసి వాళ్ళే వేరే ఇంటికి మారిపోయారు.

అక్కడ ఇల్లు కనపడుతుంది. చెక్క పలకల గోడలు, చలిమంట గూళ్ళు, మెట్ల పక్క కిటికీ. 1923లో 1,25,000 డాలర్లు పెట్టి కొన్న, రెన్వార్ వేసిన పెద్ద బొమ్మ, నది పక్కన భోజనాలు చేసేవాళ్ళది, దాని ముందు ఎప్పుడూ జనం. నాకు ఇష్టమైనవి మాత్రం రెండు చిన్న గదులు. ఒకటి రాత్కో అనే చిత్రకారుడి గది. నాలుగు గోడలకి నాలుగు రంగుల బొమ్మలు, మధ్యలో ఒక్క బెంచీ. బెంచీ చాలు అని ఆయనే చెప్పాడట. రెండోది మైనపు గది, బీరువా అంత ఉంటుంది, గోడలూ కప్పూ అంతా తేనెటీగల మైనం, పైన ఒక్క బల్బు. లోపలికి అడుగుపెడితే మా తాత సీతంపేట సంత నుంచి తెచ్చే తేనె డబ్బా మూత తీసిన వాసన. మొదటిసారి వెళ్ళినప్పుడు నా వెనక క్యూ ఉందని మర్చిపోయి నిల్చుండిపోయాను.

బొంకులదిబ్బ

బాబూ, ఇదీ నాకు కావలసింది. వాసన. వెనిస్ ఇంట్లో ఫినాయిల్ వాసన కూడా లేదు.

కోటబురుజు

దూరం ఎందుకు, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం కూడా మొదట ఇల్లే. మూడో సాలార్‌జంగ్ పెళ్ళి చేసుకోలేదు, సామానే సంసారం. 1949లో పోయారు. 1951లో ఆయన ఉండే దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు, నెహ్రూ వచ్చి ప్రారంభించారు. 1968లో మూసీ పక్కన కొత్త బిల్డింగ్‌కి మార్చారు. మా నాన్న దేవిడీలో ఉండగా చూశాడు, తర్వాత కొత్తదీ చూశాడు. "అప్పుడు ఒకరి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళినట్టు ఉండేది, ఇప్పుడు ఆఫీసుకి వెళ్ళినట్టుంది" అనేవాడు. ఇప్పుడు అందరూ గంట కొట్టే గడియారం ముందు కూర్చుని వచ్చేస్తారు.

చంపావతి

నేను కూడా గడియారం ముందు కూర్చుని వచ్చేసిన బాపతే.

డ్రాయింగ్_మాస్టారు

కోటబురుజు నాన్నగారు చెప్పిన తేడా గురించి పెగ్గీ మనవలు కోర్టుకే వెళ్ళారు, తెలుసా? ఆవిడ ఇంటిని 1970లో, బొమ్మలని 1976లో పెదనాన్న పేరు మీదున్న ఫౌండేషన్‌కి రాసిచ్చింది. ఆవిడ పోయాక వాళ్ళు సామాను తీసేసి, గోడలు సర్ది, ఇంకో దంపతులు సేకరించిన బొమ్మలు కూడా తెచ్చి ఇంట్లో పెట్టారు. మా అమ్మమ్మ సర్దిన ఇల్లు ఇది కాదు, పైగా ఆవిడ సమాధి ఉన్న తోటలో పార్టీలు చేసుకుంటున్నారని మనవల వాదన. 2014లో పారిస్ కోర్టు కొట్టేసింది.

బొంకులదిబ్బ

అయితే నేను చెప్పిందే ఆవిడ మనవలు చెప్పారన్నమాట! ఇది మా ఇంట్లో పైకి చదివి వినిపిస్తున్నాను.

రాజాం_బస్సు

మనవలు ఓడిపోయారు మాస్టారూ. అది కూడా చదవండి.

బొబ్బిలి_తీగ

ఇన్నాళ్ళూ చదివే రకాన్ని, ఇవాళ రాయాలనిపించింది. ఎవరైనా సలహా ఇవ్వగలరా?

మా పెదనాన్న బొమ్మలు వేసేవారు. విజయనగరంలో అంట్యాకుల పైడిరాజు గారు పెట్టిన చిత్రకళ స్కూల్లో కొన్నాళ్ళు నేర్చుకున్నారని మా పెద్దమ్మ చెప్పేది. తర్వాత గుమస్తా ఉద్యోగం. ఆదివారాలు వేసుకునేవారు, స్నేహితులు వేసినవి కూడా కొనేవారు, ఇరవైకీ ముప్ఫైకీ. ఆయన పోయి పదకొండేళ్ళు. పెంకుటింట్లో నడవంతా, గదంతా బొమ్మలే, నలభై పైన ఉంటాయి. పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ తుడిచేది. ఇప్పుడు ఆవిడా లేదు. పోయిన వానాకాలం వెనక గోడ చెమ్మ దిగింది. రెండు బొమ్మలకి చెదలు పట్టాయి. ఇల్లు అమ్మేద్దామని మా అన్నలు. బొమ్మలు ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. ఎవరికైనా ఇద్దామంటే తీసుకునేవాళ్ళు లేరు. ఒక చోట అడిగితే "సైజులు చెప్పండి, హాల్లో సోఫా పైన ఖాళీ ఉంది" అన్నారు.

పెద్ద ఆర్టిస్టు ఏమీ కాదు ఆయన. నాకు ఆ సంగతి తెలుసు.

నాగావళి_ఒడ్డు

అమ్మొద్దు అప్పా, దయచేసి.

అరసవల్లి_ఎండ

అమ్మొద్దు అనడం సులువు. ఇల్లు కూలిపోతుంటే రిపేరు డబ్బులు ఎవరిస్తారు? పెగ్గీకి తండ్రి ఆస్తి ఉంది.

డ్రాయింగ్_మాస్టారు

అరసవల్లి గారు మొదటిసారి నాకు నచ్చే మాట అన్నారు.

బొబ్బిలి అమ్మా, ఇల్లు సంగతి మీ అన్నదమ్ములు చూసుకుంటారు. బొమ్మలకి ఈ వారంలోనే చెయ్యాల్సినవి చెప్తాను. వెనక గోడకున్నవన్నీ దించెయ్యండి. నేల మీద పెట్టొద్దు, చెక్కబల్ల మీద ఎత్తులో, లోపలి గోడ పక్కన నిలబెట్టండి. మధ్యలో గాలి ఆడాలి. చెదలు పట్టిన రెండిటినీ మిగతావాటికి దూరంగా వేరే గదిలో ఉంచండి. తడిగుడ్డతో తుడవొద్దు, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, రంగు లేస్తున్న చోట అదీ వద్దు. ఎండలో ఆరబెట్టొద్దు. ముఖ్యంగా, ఎవరెంత చెప్పినా కాగితం బొమ్మలకి ల్యామినేషన్ చేయించకండి. ఒకసారి చేస్తే మళ్ళీ తియ్యలేరు. నా విద్యార్థి ఒకడు వాళ్ళ నాన్న వేసిన బొమ్మలన్నీ ప్రేమకొద్దీ ల్యామినేట్ చేయించి తెచ్చి చూపించాడు. ఏమనాలో తెలీక టీ తాగమన్నాను.

తర్వాత ఒక్కో బొమ్మకీ ఫోన్లో ఫోటో. ముందూ వెనకా రెండూ. వెనక ఏమైనా రాసుంటుంది, సంవత్సరమో పేరో. దానికి నెంబరు వేసి నోటుపుస్తకంలో ఎక్కించండి. ఎవరు వేశారో ఇంట్లో ఎవరికి గుర్తుంటే వాళ్ళ చేత చెప్పించుకుని రాయండి. బొమ్మలు ఎక్కడికి పోయినా ఆ పుస్తకం మీ దగ్గరుంటుంది.

బొబ్బిలి_తీగ

చెమ్మ గోడకున్నవి ఇవాళే దించాం మాస్టారూ. ఒకదాని వెనక "మా ఆవిడ కోపంగా ఉన్న రోజు" అని రాసుంది. ముందు వైపు చూస్తే గుమ్మడికాయ.

రాజాం_బస్సు

మోడరన్ ఆర్ట్ అంటే ఇదే. బొంకులదిబ్బ గారికి అర్థమైందా?

బొంకులదిబ్బ

పూర్తిగా అర్థమైంది.

పొందూరు_పడుగు

ఈ గుమ్మడికాయ ఫోటో పెట్టకపోతే ఊరుకోం.

మన్యం_చెట్టు

ఇల్లూ బొమ్మా విడదీస్తే ఏమవుతుంది అనే గొడవకి మా వైపు నుంచి ఒక మాట. సీతంపేట దగ్గర సవర ఊళ్ళలో పనిచేశాను. సవర బొమ్మలు ఇప్పుడు గుడ్డ మీద, కాగితం మీద వేసి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు. అసలు అవి ఇంటి లోపలి గోడ మీద వేసేవి. ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో మనుషులు, చెట్లు, ఏనుగులు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పెద్దలని తలుచుకున్నా వేస్తారు. చుట్టాలకి చూపించడానికి వేసేది కాదు, ఆ గోడలో పెద్దలు వచ్చి కూర్చోడానికి. దాన్ని ఫ్రేము కట్టి టౌనులో పెడితే వేసినవాళ్ళకి నాలుగు డబ్బులు వస్తాయి, అది మంచిదే. పెద్దలు మాత్రం అంత దూరం బస్సెక్కి రారు అని ఒక ముసలాయన నాతో అన్నాడు.

కళింగపట్నం_లైటు

ఈ పోస్టు రెండుసార్లు చదివాను.

గంటస్తంభం_నీడ

మా అమ్మమ్మ ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. మూత లోపలి వైపు చందమామ అట్టలు అతికించేది. ఆ బొమ్మలు వేసిన వపా గారు మన శ్రీకాకుళం ఆయనే అని ప్రతిసారీ చెప్పేది, స్వయానా చుట్టంలాగా. పెట్టె తెరిస్తే ముందు కలరా ఉండల వాసన, తర్వాత బొమ్మ. ఆ పెట్టె ఇప్పుడు మా మావయ్య ఇంట్లో నీళ్ళ మోటారు కింద ఉంది. అదీ టికెట్టు పెట్టి చూపిస్తే బావుణ్ణు. రెండు రూపాయలు చాలు.

రాజాం_బస్సు

మొదటిసారి రూపాయల్లోనే మొదలెట్టాడు.

బొంకులదిబ్బ

ఆయన ఫోన్ నా చేతిలో ఉంది. ఇరవై నిమిషాలు నిల్చున్నదాన్ని నేను.

అందరూ ఆయన పక్షమో పెగ్గీ పక్షమో మాట్లాడుతున్నారు. నేనేం చూశానో ఎవరూ అడగలేదు, ఆయనతో సహా. అడిగారు లెండి, పడవ ఎక్కుతూ, ఒక కాలు ఒడ్డున ఒక కాలు పడవలో ఉండగా. అప్పుడేం చెప్తాం?

మాగ్రిట్ అనే ఆయన వేసిన బొమ్మ. పైన ఆకాశం పట్టపగలు, తెల్ల మబ్బులు. కింద ఇల్లు, చెట్లు మాత్రం రాత్రి. ఇంటి ముందు ఒక్క వీధిదీపం. ముందు అందులో తప్పేమీ కనపడదు. కాసేపయ్యాక కనపడుతుంది. మా పుట్టిల్లు ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. మా అమ్మ చీకటి పడకముందే లాంతరు వెలిగించేది. ఆకాశంలో ఇంకా వెలుతురు ఉండేది, పెరట్లో మామిడిచెట్ల కింద మాత్రం అప్పటికే రాత్రి అయిపోయేది. మేం పైకి చూసి ఇంకా పొద్దుంది అనేవాళ్ళం. అమ్మ కిందకి చూసి పొద్దుపోయింది రండి అనేది. ఇద్దరిదీ నిజమే. ఆ బొమ్మ ముందు నిల్చుంటే మా అమ్మ ఇప్పుడు పిలుస్తుంది, ఇప్పుడు పిలుస్తుంది అని అక్కడే ఉండిపోయాను. అది ఆవిడ వంటిల్లా, పడగ్గదా, నేను చూళ్ళేదు.

ఆ గదుల కిటికీల్లోంచి కాలువ నీళ్ళ వెలుగు కప్పు మీద కదులుతూ ఉంటుంది. అది ఆవిడ ఉన్నప్పుడూ అలాగే కదిలుంటుంది కదా. ఇల్లు కనపడలేదు అన్నాయన తల పైకెత్తలేదు.

ఇంకోటి. ఈయన తోటలో కూర్చున్నానని రాశారు. ఎక్కడో రాయలేదు. పెగ్గీ గారి సమాధి పక్కన. ఆవిడ పక్కనే ఆవిడ కుక్కలు పద్నాలుగు, పేర్లన్నీ రాతి మీద చెక్కి ఉన్నాయి, కపుచ్చినో, హాంకాంగ్ అని. నేను వచ్చేసరికి ఈయన ఆ గోడకి ఆనుకుని గుర్రు పెడుతున్నారు. జపాన్ వాళ్ళు ఎవరో ఫోటో తీసుకుంటున్నారు.

చంపావతి

అక్కయ్యా 🙏🙏 ఆ ఫోటో దొరికితే మ్యూజియంలో పెట్టించండి

కళింగపట్నం_లైటు

మాగ్రిట్ బొమ్మ నేనూ చూశాను, దాటేసి గుర్రం దగ్గరికి పోయాను. ఛ.

పాలకొండ_నుంచి_పొటోమాక్

అక్కగారూ, మీరు వేరే ఐడీ తెరవండి. బతిమాలుతున్నాను.

డ్రాయింగ్_మాస్టారు

ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, ఆ బొమ్మ గురించి ఇంత బాగా నేను చెప్పలేదు. అమ్మా, నమస్కారం.

బొంకులదిబ్బ

ఫోన్ మళ్ళీ నా చేతికొచ్చింది. ఎండ ఎక్కువగా ఉంది, కళ్ళు మూసుకున్నానంతే, గుర్రు అబద్ధం.

కప్పు మీద నీళ్ళ వెలుగు సంగతి మాత్రం నిజంగా చూళ్ళేదు. ముప్ఫై రెండేళ్ళు కిటికీ ఎక్కడ పెట్టాలో ఊరందరికీ చెప్పినవాణ్ణి.

బావమరిదికి ఫోన్ చేశాను. వెళ్ళమన్నాను, నీళ్ళ వైపు గదుల్లో తల పైకెత్తమన్నాను, గుర్రం దగ్గర మాత్రం మా అత్తగారిని కాస్త పక్కకి తీసుకెళ్ళమన్నాను. సరే బావా అన్నాడు. టికెట్లు, రైలు అన్నీ బుక్ చేసేశాడట. మంగళవారానికి.

చంపావతి

మొదటి రిప్లై ఎవరూ చదవరేటి ఈ ఊళ్ళో?